కాలేయం... మళ్లీ కోలుకుంటుంది!

స్కానింగ్ రిపోర్టులో 'లివర్ పెద్దదైంది' అన్న ఒక్క మాట చాలు, ఇంటిల్లిపాదికీ నిద్ర పట్టదు. కొందరైతే దాన్నసలు పట్టించుకోరు. రెండూ పొరపాటే. సకాలంలో మేలుకుంటే మళ్లీ మామూలు స్థితికి వచ్చే గొప్ప గుణం కాలేయానికుంది. అందుకు కావాల్సిన మందు చాలావరకూ మన వంటింట్లోనూ, వీధి చివర పార్కులోనూ ఉంది!

సంక్రాంతి వెళ్లిన వారం. కుడివైపు పక్కటెముకల కింద ఏదో బరువుగా అనిపించింది ఆయనకి. అరిసెలూ జంతికలూ ఎక్కువయ్యాయనుకున్నారు. వాము నమిలారు. మజ్జిగలో జీలకర్ర పొడి కలుపుకుని తాగారు. పది రోజులైనా తగ్గకపోయేసరికి భార్య పోరు పడలేక డాక్టరు దగ్గరికెళ్లారు. స్కానింగ్ చేశారు. చేతికొచ్చిన రిపోర్టులో రెండే ముక్కలు: కాలేయం పెద్దదైంది... గ్రేడ్-2 ఫ్యాటీ లివర్!

'మా ఆయన చుక్క కూడా ముట్టరండీ. మరి లివరెందుకు పాడైంది?' డాక్టరు నోరు విప్పకముందే అడిగేసిందామె. ఎవరైనా వింటే ఏమనుకుంటారోనన్న బెంగ ఆ గొంతులో.

ఆయన మాత్రం ఏమీ మాట్లాడలేదు. ఆయనకి వాళ్ల నాన్న గుర్తొచ్చారు. ఆయనా ఏనాడూ మందు తాగలేదు. పాతికేళ్లు షుగరుతో బతికారు. చివరి రోజుల్లో పొట్ట నిండా నీళ్లు చేరి, కాళ్లు వాచి, అరవయ్యేళ్లకే పోయారు. 'షుగరు ముదిరింది' అనుకున్నారంతా. కాలేయం సంగతి ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు కొడుక్కి 43 ఏళ్లు!

ఆయన పేరేదైనా అనుకోవచ్చు. ఊరు విజయవాడ కావచ్చు, వరంగల్ కావచ్చు, అనంతపురం కావచ్చు. ఆఫీసులో కుర్చీకి అతుక్కుపోయే ఉద్యోగం, ముందుకొచ్చిన పొట్ట, ఏడాదికోసారైనా చేయించుకోని రక్తపరీక్షలు... ఇలాంటి కుటుంబం ఒకటి మన వీధిలోనూ ఉంటుంది. ఒక్కోసారి మనింట్లోనే ఉంటుంది. అందుకే ఆ ఇంట్లో ఏడాదిపాటు ఏం జరుగుతుందో చూద్దాం.

పెద్దదవడం జబ్బు కాదు... జాడ

పొట్టలో కుడివైపు, పక్కటెముకల చాటున ఉంటుంది కాలేయం. పెద్దవాళ్లలో దాదాపు కిలోన్నర బరువు. శరీరం లోపలి అవయవాల్లో ఇదే అతి పెద్దది. గుండె నిమిషానికి పంపే రక్తంలో నాలుగో వంతు దీని గుండానే వెళ్తుంది. తిన్నదాన్ని శక్తిగా మార్చడం, మిగిలింది దాచిపెట్టడం, కొవ్వుని అరిగించే పైత్యరసాన్ని తయారుచేయడం, రక్తం గడ్డకట్టేందుకు కావాల్సిన ప్రొటీన్లు అందించడం, మందుల్నీ మలినాల్నీ విడగొట్టి బయటికి పంపడం... ఇలా వందలాది పనులు చేస్తుంది. ఇన్ని చేస్తూ కూడా కిక్కురుమనదు. అదే దాంతో వచ్చిన చిక్కు. సగానికి పైగా దెబ్బతిన్నా చాలామందిలో నొప్పి ఉండదు. ఏదో నీరసం, కాస్త బరువు... అంతే.

కాలేయం పెద్దదైందంటే అదే ఒక జబ్బని అర్థం కాదు. లోపల ఏదో జరుగుతోందనడానికి అదో గుర్తు. ఆ 'ఏదో' చాలా రకాలు. కొవ్వు పేరుకోవచ్చు. మద్యం వల్ల వాచిపోవచ్చు. హెపటైటిస్ వైరస్‌లు చేరి ఉండొచ్చు. మలేరియా, టైఫాయిడ్ లాంటి జ్వరాల్లోనూ కాలేయం ఉబ్బుతుంది. అమీబా వల్ల చీముగడ్డ ఏర్పడొచ్చు. గుండె సరిగ్గా పంప్ చేయకపోతే రక్తం వెనక్కి తన్ని కాలేయం పెద్దదవుతుంది. అరుదుగా గడ్డలు, రక్త క్యాన్సర్లు కూడా కారణం కావచ్చు. కాబట్టి 'లివర్ పెరిగిందట, ఏం మందు వాడాలి?' అన్నది మొదటి ప్రశ్న కాదు. 'ఎందుకు పెరిగింది?' అన్నదే అసలు ప్రశ్న. పక్కింటాయనకి తగ్గించిన మందు మనకి పనిచేయకపోవడానికి కారణమూ అదే.

ఆయన విషయంలో డాక్టరు ముందుగా హెపటైటిస్-బి, సి పరీక్షలు చేయించారు. రెండూ లేవు. షుగరు అంచుమీదుంది. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నాయి. బరువు 86 కిలోలు. నడుము చుట్టుకొలత 102 సెంటీమీటర్లు. కారణం దొరికినట్టే!

తాగకుండానే... ఎలా?

డాక్టరు అప్పుడడిగారు, 'పొద్దుట్నుంచి రాత్రి దాకా ఏమేం తింటారో చెప్పండి' అని. లెక్క ఆమే చెప్పింది. పొద్దున్న పూరీయో, నాలుగు దోసెలో. పదకొండింటికి టీ, బిస్కెట్లు. మధ్యాహ్నం క్యారేజీ నిండా అన్నం, పప్పు, వేపుడు. నాలుగింటికి మళ్లీ టీ. ఇంటికొస్తూ బండి దగ్గర మిరపకాయ బజ్జీలు. రాత్రి పదింటికి టీవీ ముందు మళ్లీ అన్నం. ఆదివారం బిర్యానీ, కూల్‌డ్రింకు. మరి నడక? ఇంట్లోంచి స్కూటరు దాకా, స్కూటర్నుంచి కుర్చీ దాకా.

ఇందులో విడ్డూరమేముంది, అందరం తినేదేగా అనిపిస్తుంది. అక్కడే ఉంది కిటుకు. అన్నం, మైదా, చక్కెర... ఏది తిన్నా చివరికి గ్లూకోజ్‌గా మారి రక్తంలో చేరుతుంది. ఖర్చు కానిదాన్ని కాలేయం కొవ్వుగా మార్చేస్తుంది. తీపి పానీయాల్లో ఉండే ఫ్రక్టోజ్ అయితే చాలావరకూ కాలేయంలోనే ఖర్చవ్వాలి. పొట్ట చుట్టూ కొవ్వు పెరిగినకొద్దీ ఇన్సులిన్ మాట శరీరం వినదు. అప్పుడు కొవ్వు కణాల్లోంచి కూడా కొవ్వు కారి కాలేయానికే చేరుతుంది. ఇలా కణాల్లో అయిదు శాతానికి మించి కొవ్వు పడితే అదే ఫ్యాటీ లివర్.

మందు ముట్టనివాళ్లలో అచ్చం తాగేవాళ్లలాంటి కాలేయం కనిపించడాన్ని 1980లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు యూర్గెన్ లుడ్విగ్ బృందం వివరంగా నమోదు చేసి, దానికో పేరు పెట్టింది. చాలాకాలంపాటు దాన్ని 'ఆల్కహాలేతర ఫ్యాటీ లివర్' అన్నారు. అసలు కారణం జీవక్రియలు గాడి తప్పడం కాబట్టి, 2023లో అంతర్జాతీయ వైద్య సంఘాలు ఆ అర్థం వచ్చేలా పేరు మార్చాయి. ఇప్పుడు డాక్టర్లు దాన్ని 'మాసిల్డ్' అంటున్నారు.

ప్రపంచంలో పెద్దవాళ్లలో దాదాపు 30 శాతం మందికి ఇదుందని అంచనా. మనదేశంలో అంతవరకూ జరిగిన అధ్యయనాలన్నిటినీ ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు క్రోడీకరించి 2022లో ప్రచురించారు. అందులో తేలిన లెక్క 38 శాతానికి పైనే! మన హైదరాబాద్‌లో అయితే 345 మంది ఐటీ ఉద్యోగుల్ని పరీక్షించి 2025లో వెల్లడించిన ఒక అధ్యయనంలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు కనిపించింది. పరీక్షించింది కొద్దిమందినే కాబట్టి ఐటీ వాళ్లందరి లెక్కా ఇదేనని చెప్పలేం. కానీ, గంటల తరబడి కుర్చీలో గడిపే జీవితం ఎటు తీసుకెళ్తోందో చెప్పడానికి ఆ అంకె చాలు.

'నేను సన్నగానే ఉన్నాగా' అనుకోవడానికీ లేదు. పశ్చిమ బెంగాల్ గ్రామాల్లో జరిగి, 2010లో వెలువడిన అధ్యయనంలో ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లలో సగం మందికి పైగా లావూ లేరు, పొట్టా లేదు. పైకి కనిపించకుండా లోపల కొవ్వు చేరే తత్వం మన భారతీయుల్లో ఎక్కువ. అందుకే మనకి నడుము కొలత మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదంటారు.

గ్రేడు వేరు... మచ్చ వేరు

స్కానింగ్‌లో గ్రేడ్-1, 2, 3 అని రాస్తారు. అది కొవ్వు ఎంత పేరుకుందో చెప్పే అంచనా మాత్రమే. డాక్టర్లు ఎక్కువగా భయపడేది కొవ్వుకి కాదు, మచ్చలకి. కొవ్వు ఏళ్ల తరబడి అలాగే ఉంటే కొందరిలో కణాలు వాస్తాయి. వాపు మానే క్రమంలో మచ్చలు పడతాయి. దాన్నే ఫైబ్రోసిస్ అంటారు. మచ్చలు ముదిరి కాలేయమంతా గట్టిపడితే సిరోసిస్. పెద్దదైన కాలేయం అప్పుడు కుంచించుకుపోవడం మొదలవుతుంది. పొట్టలో నీరు చేరడం, రక్తపు వాంతులు, మతి తప్పడం, చివరికి కాలేయ క్యాన్సర్... అన్నీ ఆ దశలో వచ్చే ముప్పులే. కొవ్వు చేరిన అందరికీ అలా కాదు. కొద్దిమందికే అవుతుంది. షుగరున్నవాళ్లకి ఆ ప్రమాదం ఎక్కువ. ఆయన నాన్నగారికి జరిగిందీ అదే అయ్యుండొచ్చన్నారు డాక్టరు.

మరి మచ్చలు పడ్డాయో లేదో తెలిసేదెలా? ఎల్ఎఫ్‌టీ మామూలుగా ఉన్నంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు. మచ్చలు పడినవాళ్లలోనూ అది ఒక్కోసారి మామూలుగానే వస్తుంది. వయసు, ప్లేట్‌లెట్ల సంఖ్య, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అంకెలతో 'ఫిబ్-4' అనే లెక్క కడతారు. అరవయ్యయిదేళ్ల లోపువాళ్లకి అది 1.3 కన్నా తక్కువుంటే ముదిరిన మచ్చలు ఉండే అవకాశం చాలా తక్కువ. ఎక్కువుంటే ఫైబ్రోస్కాన్ చేస్తారు. సూది గుచ్చరు, కోత పెట్టరు. పక్కటెముకల మీద చిన్న పరికరం పెట్టి కాలేయం ఎంత గట్టిపడిందో కొలుస్తారు. అయిదు పది నిమిషాల పని. ఎనిమిది లోపు వస్తే పెద్దగా భయం లేదు. అనుమానం తీరనప్పుడే బయాప్సీ.

ఆయన లెక్క 1.4 దాటింది. ఫైబ్రోస్కాన్‌లో 8.8 వచ్చింది. 'మచ్చలు మొదలై ఉండొచ్చు. కానీ వెనక్కి తిప్పొచ్చు. నాకు ఏడాది టైమివ్వండి' అన్నారు డాక్టరు. రాసిన చీటీలో మందులు తక్కువ, అంకెలు ఎక్కువ.

అయిదు... ఏడు... పది

ఆ చీటీలోని అంకెలివీ: ఉన్న బరువులో 5 శాతం తగ్గితే కాలేయంలో కొవ్వు కరుగుతుంది. 7 శాతం తగ్గితే వాపు తగ్గడం మొదలవుతుంది. 10 శాతం తగ్గితే మచ్చలు కూడా వెనక్కి మళ్లొచ్చు.

ఇది ఊరికే చెప్పే మాట కాదు. క్యూబాలో 293 మంది రోగుల్ని ఏడాదిపాటు ఆహారం, వ్యాయామాలతోనే గమనించి, ముందూ వెనకా బయాప్సీలు చేసి, 2015లో ఫలితాలు ప్రకటించారు. పది శాతానికి మించి బరువు తగ్గినవాళ్లలో 90 శాతం మందికి వాపు పోయింది. 45 శాతం మందిలో మచ్చలూ తగ్గాయి. అయితే అంత బరువు తగ్గగలిగింది పదిమందిలో ఒక్కరే! అంటే, మందు అద్భుతం... వాడటమే కష్టం.

86 కిలోల మనిషికి అయిదు శాతమంటే నాలుగు కిలోల పైచిలుకు. పది శాతమంటే ఎనిమిదిన్నర. వారానికి అర కిలో, మహా అయితే కిలో తగ్గడం మంచిది. పస్తులుండి ఒక్కసారిగా బరువు తగ్గితే కాలేయానికి ఇంకా చేటు. పిత్తాశయంలో రాళ్లు కూడా రావచ్చు.

వంటింట్లోంచే వైద్యం

చీటీ తీసుకుని ఇంటికెళ్లాక మొదలైంది అసలు కథ. 'కడుపు మాడ్చుకోవడం కూడా ఒక వైద్యమేనా? మీ నాన్న ఎంత తిన్నా అరిగించుకునేవారు' అందా ఇంటి పెద్దావిడ, కొడుకు కంచంలో ఇంకో గరిటె అన్నం వడ్డించబోతూ. కోడలు చప్పున ఏమీ అనలేదు. రెండు రోజులాగి, మావగారి చివరి రోజుల్ని గుర్తుచేసింది. 'అప్పుడు మనకి తెలీదు అత్తయ్యా. ఇప్పుడు తెలిసింది కదా' అంది. ఆ రోజు నుంచీ గరిటె ఆగిపోయింది.

ఆ ఇంట్లో ఏదీ పూర్తిగా మానలేదు. కొలతలు మారాయంతే. అన్నం సగమైంది, కూర రెట్టింపైంది. ముందు కంచంలో సగం కూరలూ ఆకుకూరలూ పెట్టుకుని, తర్వాతే అన్నం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార సూచనలు కూడా ఇదే చెబుతాయి: పళ్లెంలో సగం కూరగాయలూ పండ్లూ ఉండాలని. తోటకూర పప్పు, గోంగూర, బీరకాయ, సొరకాయ, చిక్కుడు రోజూ మారుతూ వచ్చాయి. రాత్రి అన్నం బదులు రెండు జొన్నరొట్టెలు. అదీ ఎనిమిదింటికల్లా. పొద్దున్న పూరీ పోయి పెసరట్టు వచ్చింది. వేపుళ్లు వారానికి ఒక్కరోజు. అయిదుగురున్న ఇంట్లో నెలకి అయిదు లీటర్లయ్యే నూనె మూడుకి దిగింది. గుడ్డు, చేపలు, కోడికూర ఉన్నాయి. నూనెలో తేలే కూరలు లేవు.

అన్నిటికన్నా ముందు మానేసింది మాత్రం కూల్‌డ్రింకు. 300 మిల్లీలీటర్ల సీసాలో 30 గ్రాములకు పైగానే చక్కెర ఉంటుంది. అంటే ఏడెనిమిది చెంచాలు! రోజు మొత్తానికి 25 గ్రాములు మించకుంటే మంచిదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. పండ్లరసం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. పండుని పండుగానే తినాలి. బెల్లమూ తేనే అయితే ఫర్వాలేదనుకోవడం కూడా భ్రమే. కాలేయానికి అవన్నీ ఒకటే. ఒక్క కాఫీ విషయంలో మాత్రం శుభవార్త. కాఫీ తాగే అలవాటున్నవాళ్లలో కాలేయంలో మచ్చలు తక్కువగా ఉన్నట్టు పలు అధ్యయనాలు గమనించాయి. చక్కెర లేకుండా... అదీ షరతు!

స్కూటరు దిగితే...

వారానికి 150 నిమిషాల చురుకైన నడక. అంటే అయిదు రోజులు, రోజుకి అరగంట. 'పాట పాడలేనంత, మాట్లాడగలిగినంత' వేగం ఉండాలి. మొదటి వారం ఆయన పది నిమిషాలకే ఆయాసపడ్డారు. రెండో నెలకి అరగంట, నాలుగో నెలకి నలభై నిమిషాలు. ఆఫీసులో లిఫ్టు మానేశారు. గంటకోసారి కుర్చీలోంచి లేవడం అలవాటు చేసుకున్నారు. వారానికి రెండ్రోజులు గోడకి చేతులానించి దండీలు, కుర్చీలోంచి లేచి కూర్చునే బస్కీలు. కండరం పెరిగితే గ్లూకోజ్ అక్కడ ఖర్చవుతుంది, కాలేయానికి బరువు తగ్గుతుంది. బరువు ఒక్క కిలో తగ్గకపోయినా వ్యాయామంతో కాలేయంలో కొవ్వు కొంత కరుగుతుందని తేలింది. కాబట్టి కాటా చూసి నిరాశపడి నడక మానేయకూడదు.

అయిదో నెలలో ఆయనకి అచ్చం అదే జరిగింది. వరసగా మూడు పెళ్లిళ్లు. మండు వేసవి. తగ్గిన నాలుగు కిలోల్లో ఒకటిన్నర మళ్లీ వచ్చి చేరింది. 'నా వల్ల కాదు' అని వారంపాటు ఇల్లు కదల్లేదు. ఎనిమిదో రోజు పొద్దున్న అయిదున్నరకి భార్యే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. 'మీరు రాకపోతే నేనొక్కదాన్నే వెళ్తా' అంటూ. అప్పట్నుంచీ ఇద్దరూ వెళ్తున్నారు.

మరి మందుల్లేవా?

ఉన్నాయి. కానీ ఎవరికి పడితే వాళ్లకి కాదు. షుగరు, కొలెస్ట్రాల్, బీపీ ఉంటే ముందు వాటిని అదుపులో పెట్టాలి. కొలెస్ట్రాల్‌కి వాడే స్టాటిన్ మాత్రలు కాలేయాన్ని పాడుచేస్తాయని చాలామంది మధ్యలో మానేస్తారు. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లు కూడా వాటిని డాక్టరు సలహాతో నిక్షేపంగా వాడొచ్చు. వాపు ఉన్న కొందరికి విటమిన్-ఇ, పయోగ్లిటజోన్ లాంటివి రాస్తారు. సారోగ్లిటజార్ అనే మందుకి 2020లో మనదేశంలో అనుమతి వచ్చింది. మచ్చలు ఓ మోస్తరు నుంచి ఎక్కువగా ఉండి, సిరోసిస్ దాకా వెళ్లనివాళ్లకోసం 2024 మార్చిలో రెస్మెటిరోమ్‌కి, 2025 ఆగస్టులో సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్‌కి అమెరికాలో ఆమోదం లభించింది. బాగా ఊబకాయం ఉన్నవాళ్లకి బేరియాట్రిక్ సర్జరీ కూడా ఒక మార్గం. ఏ మందు వాడినా తిండీ నడకా మారాల్సిందే. డాక్టర్లందరూ చెప్పే మాట ఇది.

ఇక కారణం వేరైతే వైద్యమూ వేరు. మద్యం వల్ల వచ్చిన ఫ్యాటీ లివర్, మద్యం పూర్తిగా మానేస్తే కొన్ని వారాల్లోనే తగ్గుముఖం పడుతుంది. తగ్గించడం కాదు, మానేయాలి. అయితే ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ లాంటివి రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో మానడం మేలు. హెపటైటిస్-సి ఇప్పుడు చాలామందికి 12 వారాల మాత్రలతో పూర్తిగా నయమవుతోంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వమే ఆ మందుల్ని ఉచితంగా ఇస్తోంది. హెపటైటిస్-బి పూర్తిగా పోకపోయినా మందులతో అదుపులో ఉంటుంది. రాకుండా టీకా ఎలాగూ ఉంది.

మన దగ్గర పచ్చకామెర్లనగానే పసరు తాగించడం, లివర్ అనగానే టానిక్కు కొనుక్కోవడం అలవాటు. కొన్ని రకాల కామెర్లు విశ్రాంతితో వాటంతటవే తగ్గిపోతాయి. ఆ పేరు పసరుకి వస్తుంది. అందులో ఏముందో, ఎంత మోతాదో తెలియని మందులు ఇప్పటికే అలసిన కాలేయానికి అదనపు బరువు. ఏ మూలిక వాడుతున్నా డాక్టరు దగ్గర దాచకూడదు.

మళ్లీ సంక్రాంతి

ఏడాది గిర్రున తిరిగింది. ఆయన బరువు 79 కిలోలు. ఎనిమిది శాతం తగ్గారు. పది అందలేదు. అయినా ఎస్‌జీపీటీ 78 నుంచి 34కి వచ్చింది. స్కానింగ్‌లో కాలేయం మామూలు సైజులో ఉంది. గ్రేడ్-2 కాస్తా గ్రేడ్-1 అయింది. ఫైబ్రోస్కాన్ 6.4. షుగరు అంచునుంచి వెనక్కి తగ్గింది. 'గెలిచేశారని చెప్పను. వదిలేస్తే మళ్లీ వస్తుంది. కానీ దారి మళ్లారు' అన్నారు డాక్టరు. ఆ తర్వాత ఆయన పక్కకి తిరిగి అన్నారు, 'అమ్మా, మీరు కూడా ఓసారి పరీక్ష చేయించుకోండి' అని.

చేయించుకుంది. ఆమెకీ గ్రేడ్-1! ఏడాదిగా అందరి కంచాలూ మార్చిన మనిషి, ఆఖర్న మిగిలిన అన్నం పారేయలేక తనే తినేసేది. తన సంగతి చూసుకునే తీరిక ఆమెకెక్కడిది? ఇప్పుడా మిగులు ఉండకుండా కొలిచి వండుతున్నారు. పద్నాలుగేళ్ల కొడుకు మాత్రం ఇంకా అప్పుడప్పుడూ కూల్‌డ్రింక్ కోసం మారాం చేస్తూనే ఉన్నాడు.

ఈ పండక్కీ పెద్దావిడ అరిసెలు వండింది. పళ్లెం తెచ్చి కొడుకు ముందు పెట్టింది. ఆయన తీసుకోబోయేలోగా తనే ఒకటి తీసి చేతిలో పెట్టి, పళ్లెం వెనక్కి తీసుకుంది. 'ఒక్కటే' అంది. 'తిని ఓ నాలుగడుగులు నడిచిరా.'

* * *

ఆలస్యం వద్దు!

ఈ లక్షణాలుంటే తిండి మార్చి చూద్దామని ఆగకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

- కళ్లు, మూత్రం పచ్చబడటం
- పొట్ట ఉబ్బి, కాళ్లు వాయడం
- రక్తపు వాంతి, తారులాంటి నల్లటి విరేచనం
- జ్వరంతోపాటు కుడి పక్కటెముకల కింద తీవ్రమైన నొప్పి
- పగలు మత్తు, రాత్రి నిద్ర పట్టకపోవడం, మాట తడబడటం
- కారణం లేకుండా బరువు తగ్గిపోవడం

ఎవరు పరీక్ష చేయించుకోవాలి?

షుగరు ఉన్నవాళ్లు, నడుము కొలత పెరిగినవాళ్లు, బీపీ, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవాళ్లు, పీసీఓఎస్ ఉన్న ఆడవాళ్లు, ఇంట్లో ఎవరికైనా సిరోసిస్ వచ్చినవాళ్లు, మద్యం అలవాటున్నవాళ్లు ఓసారి కాలేయం సంగతి చూపించుకోవాలి. పొట్ట పెరిగిన పిల్లల్నీ మరవొద్దు. మెడ వెనక చర్మం నల్లగా, మందంగా మారితే అది మురికి కాదు, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదనడానికి గుర్తు కావచ్చు. 2021లో కేంద్రం ఫ్యాటీ లివర్‌ని కూడా షుగరు, బీపీ, క్యాన్సర్ల నివారణ కార్యక్రమంలో చేర్చింది. అందుకే ప్రభుత్వాసుపత్రికి షుగరు, బీపీ పరీక్షలకోసం వెళ్లినప్పుడు కాలేయం మాట కూడా ఓసారి అడగండి.